పొయ్యికొక కుటుంబం

రేపల్లె స్టేషన్లో రైలు పట్టాలు ఆగిపోతాయి. అక్కడ దిగినవాళ్లంతా ఊళ్లోకి నడుస్తారు. సుబ్బరత్నం ఒక్కతే ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఉప్పు వాసన వేసే కాలువగట్టు మీద కాసేపు నడిస్తే ఆమె పుట్టిన రేవుపాలెం వస్తుంది. తెనాలిలో పంతులమ్మ ఉద్యోగం దొరికిన నాటి నుంచి శనివారం సాయంత్రం పాసింజరుకి వచ్చి, సోమవారం తెల్లవారగానే వెళ్లిపోవడం ఆమెకు అలవాటు.

పాలెం వాళ్లది చేపల వేట. పడవలు కాలువ దాటి ఏట్లోకి, ఏటి మీదుగా సముద్రంలోకి వెళతాయి. చిన్నప్పుడు తండ్రి ముత్యాలరావు ఈమెను సరదాగా పడవ ఎక్కిస్తే ఏరు సముద్రంలో కలిసే మొగదాకా వాంతులు చేసుకుందట. "ఇది ఒడ్డున బతకాల్సిన పిల్ల" అని ఆయన నవ్వి బడిలో వేశాడు. ఆ నవ్వులో తీసుకున్న నిర్ణయమే ఆమె జీవితం అయింది. ఎస్సెస్సెల్సీ అయింది, బాపట్లలో ట్రైనింగు అయింది, తెనాలి బడిలో ఉద్యోగం అయింది. పెళ్లి మాత్రం కాలేదు. పాలెంలో కుర్రాళ్లు పంతులమ్మను చేసుకోవడానికి జంకారు. పాలెం బయటి వాళ్లు పాలెం పిల్లను అడగలేదు. తండ్రి పోయాక ఆ ప్రయత్నం చేసేవాళ్లూ లేకపోయారు. ముప్పై దాటాక ఎవరూ ఆ ప్రస్తావన తేవడం లేదు, ఆమెకూ అదే హాయిగా ఉంది. తెనాలిలో ఒక్క గది, వత్తుల స్టవ్వు, లైబ్రరీ పుస్తకాలు. పాలెంలో అన్న మస్తాన్‌రావు, వదిన మాణిక్యం. ఈ రెండింటి మధ్యా రైలు.

పాలెంలో ఎండాకాలం వస్తే నీళ్లు ఉండవు. అంటే కంటి ముందు కావలసినన్ని నీళ్లు, నోట్లో పోసుకోవడానికి ఒక్క చుక్క లేదు. కాలువ ఉప్పు, గుంటలు ఉప్పు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఊళ్లోకి వెళ్లి, కుళాయి ఉన్న ఇళ్ల పెరటి గుమ్మాల దగ్గర నిలబడేవారు. ఇంటివాళ్ల అంట్లు అయ్యాక, బట్టలు అయ్యాక, ఆ ఇల్లాలికి మనసు కుదిరాక ఒక బిందె దొరికేది.

"ఉప్పు డబ్బాకి మూతే తీయక్కర్లేదు రత్నం" అనేది మాణిక్యం. "అన్నం ఉడికితే ఉప్పు, కాఫీ మరిగితే ఉప్పు. ఏడిస్తే కన్నీళ్లే కాస్త చప్పగా ఉంటన్నాయి."

అలా హాస్యమాడుతుండగానే ఏళ్లు గడిచి ఆమె మెడ పక్కకి వాలిపోయింది. ఎప్పుడూ ఒక వైపే బిందె మోసి ఒక భుజం కిందికి దిగింది. సుబ్బరత్నం వచ్చినప్పుడల్లా ఆ భుజం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించేది.

డెబ్బై రెండో సంవత్సరం వేసవిలో ఆ నీళ్లకు ఒక దారి కనిపించింది.

రేపల్లె వర్తకుల ధర్మసంఘం ఒకటి, ఊళ్లో అందరికన్నా లేమిలో ఉన్న రెండు పేటలకు తమ ఖర్చుతో మంచినీటి లైను వేయిస్తామని ముందుకొచ్చింది. ఏ పేటలు అనేది తేల్చమని బాపట్లలో స్టాటిస్టిక్స్ చెప్పే లక్ష్మీనరసింహం గారిని అడిగారు. ఆయన లెక్కలు వేయడంలో ఎంత ఘటికుడో మనుషుల్ని పలకరించడంలో అంత మొహమాటస్తుడు. ఇల్లిల్లూ తిరగడానికి సెలవుల్లో ఉన్న టీచర్లను పోగుచేశాడు. సుబ్బరత్నం తనంతట తానే వెళ్లి పేరిచ్చింది.

మొదటి రోజు ఆయన నల్లబల్ల మీద ఊరి పటం గీసి చెప్పిన మాట ఆమెకు బాగా నచ్చింది.

"వార్డు మొత్తం లెక్క చూస్తే ఈ ఊళ్లో అందరూ బాగానే ఉన్నారండి. రైసుమిల్లు వారి మేడలో పాతిక దీపాలుంటాయి. వెనక గుడిసెల్లో ఒక్కటీ ఉండదు. కూడి భాగిస్తే ఇంటికొక దీపం వస్తుంది. ఆ సగటు దీపం కింద కూర్చుని ఎవరైనా చదువుకున్నారా? అందుకే వార్డును చిన్న చిన్న బ్లాకులుగా కోద్దాం. ఏ ముక్కకు ఆ ముక్క చూస్తే, వెలుతురెక్కడో చీకటెక్కడో కనిపిస్తుంది."

కప్పు తాటాకా పెంకా, దీపం ఉందా, గదికి ఎందరు పడుకుంటారు, చదివినవాళ్లున్నారా, సొంత పడవో బండో ఉందా, బావి ఉందా. ఒక్కొక్క లేమికి ఇన్ని మార్కులు. బ్లాకులో కుటుంబాల మార్కులు కలిపి, కుటుంబాల సంఖ్యతో భాగించాలి. కుటుంబం అంటే ఏమిటన్న దగ్గర మాత్రం ఆయన గట్టిగా చెప్పాడు. "ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లు ఒక కుటుంబం. చుట్టరికాలు అడగకండి. పొయ్యి అడగండి. ఊరంతా ఇదే సూత్రం."

రేవుపాలెం ఆమెకే ఇచ్చారు. ఆ ఊరి మనిషి కదా అని.

వేసవి సెలవులంటే పడవలు దూరం వెళ్లే కాలం. ఒకసారి వెళితే వారం పది రోజులు రావు. ఆ రోజుల్లో పాలెంలో ఒక కట్టుబాటు ఉంది. పడవ రేవు విడవగానే, ఆ పడవ మీద వెళ్లిన మగవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు తమ తమ పొయ్యిల్లో బూడిద ఎత్తేసి, మట్టితో అలికి, ముగ్గు వేసి, మీద ఒక ఇత్తడి చెంబు బోర్లిస్తారు. పడవ తిరిగి వచ్చేదాకా ఆ పొయ్యి వెలగదు. అందరూ పడవ యజమాని వసారాలో ఒక్క పొయ్యి మీద వండుకుని అక్కడే తింటారు. నీళ్ల మీద మగవాళ్లు ఒక్క కుండ అన్నం తింటుంటే ఒడ్డున ఆడవాళ్లు వేరు పొయ్యి పెట్టకూడదు. పెట్టడం మాట అటుంచి, అసలు తమకు వేరే పొయ్యి ఉందని నోటితో అనకూడదు. అంటే పడవలో కలత పుడుతుంది, గంగమ్మకు కోపం వస్తుంది. ఇది ఎవరో నేర్పిన సంగతి కాదు. పాలెంలో పుట్టిన పిల్లకి నడకతో పాటే వస్తుంది.

ఆ యజమానుల్లో ఒకడైన నాగులు పడవ అప్పుడు సముద్రం మీద ఉంది. మస్తాన్‌రావు అందులోనే వెళ్లాడు. మిగతా పడవలూ రేవులో లేవు.

నాగులు భార్య వెంకటసుబ్బులు వసారాలో గంజి వారుస్తోంది. పాలెం ఆడవాళ్లకు ఆమె పెద్దమ్మ.

"పెద్దమ్మా, మీ పొయ్యి మీద తినేవాళ్లెవరు?" అని అడిగింది సుబ్బరత్నం.

"ఎవరేంటే, కొత్తగా అడుగుతన్నావు? అందరం. కూర్చో, నీకూ ఇంత పెడతా, నిన్నూ రాసుకో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సుబ్బరత్నం గుడిసె గుడిసెకూ వెళ్లి అదే అడిగింది. అందరూ తమ తమ పడవ యజమాని వసారా వైపే చెయ్యి చూపించారు. అన్న గుడిసెలో చెంబు బోర్లించిన పొయ్యి పక్కనే నిలబడి మాణిక్యం కూడా నాగులు వసారానే చూపించింది. సుబ్బరత్నం అలాగే రాసింది. రాస్తున్నప్పుడు ఆమెకు అనుమానం రాలేదు. అన్న నీళ్ల మీద ఉన్నాడన్న ఒక్క సంగతే మనసులో ఉంది.

రెండు వారాల తర్వాత బాపట్ల వెళ్లేసరికి లక్ష్మీనరసింహం గారి బల్ల మీద పటం పరిచి ఉంది. లేమి ఎక్కువైన కొద్దీ బ్లాకుకు ఎర్ర పెన్సిలు ముదురుగా వేసుకుంటూ వచ్చాడు. రైలుగేటు అవతల తట్టలల్లే పేట, కుండల వీధి ఎర్రగా ఉన్నాయి. కాలువ పక్కన రేవుపాలెం తెల్లగా ఉంది.

"మీ పాలెం ఫరవాలేదమ్మా" అన్నాడాయన సంతోషపెడుతున్నట్టుగా. "కుటుంబాలు కొద్దే. ప్రతి కుటుంబానికీ పడవ ఉంది, ఒక పెంకుటిల్లు ఉంది. గదులైతే ఒక్కొక్క కుటుంబానికి అరడజను."

సుబ్బరత్నం ఆ తెల్లటి ముక్క వైపు చూస్తూ నిలబడిపోయింది. అరడజను గదులంటే అరడజను గుడిసెలు. వంగి లోపలికి వెళితే వంగే బయటికి రావాల్సిన గుడిసెలు. నాగులు పెంకుటిల్లు, నాగులు పడవ, నాగులు దొడ్లో బావి అతని కూలివాళ్లందరి పద్దులో పడ్డాయి. ఆ బావి నీళ్లు పశువు కూడా తాగదు.

చెప్పాలి. కానీ అన్న మళ్లీ నీళ్ల మీదే ఉన్నాడు. కిటికీ బయట వేపచెట్టు కదలడం చూసింది. గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూసింది. బాపట్లకూ రేపల్లె రేవుకూ మధ్య ఎంత దూరమో అనుకుంది. చివరికి ఎవరో వింటారేమో అన్నంత తగ్గు గొంతుతో చెప్పింది.

"సార్, వాళ్లకి వేరు వేరు పొయ్యిలున్నాయండి. పడవలు వెళ్లినప్పుడే ఒక చోట వండుకుంటారు. మిగతా రోజుల్లో ఎవరి గంజి వాళ్లదే. ఆ పడవలూ పెంకుటిళ్లూ యజమానులవండి. మిగతావాళ్లు కూలివాళ్లు. బావుల్లో నీళ్లన్నీ ఉప్పేనండి."

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. కోప్పడలేదు. ఆయన ముఖంలో ఒక చిక్కుముడి దొరికిన ఉత్సాహం కనిపించింది. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అడిగి, పటం వైపు వంగి మళ్లీ అన్నాడు. "బావి సంగతి నేను దిద్దుకుంటాను. దానివల్ల పెద్ద తేడా రాదు. కుటుంబాలు విడివిడిగా రాస్తే మాత్రం లేమిలో మీ పాలెం అన్నిటికన్నా పైకొస్తుంది."

"వానలప్పుడు మళ్లీ అడిగితే బాగుంటుందేమోనండి. పడవలన్నీ ఒడ్డున ఉంటాయి."

"ఒక్క పాలేన్ని వానల్లో, మిగతా ఊరిని ఎండల్లో లెక్కపెడితే దేనితో దేన్ని పోల్చనమ్మా? వానల్లో తట్టలవాళ్లకి పనుండదు. అప్పుడు వాళ్ల లేమి లెక్కా మారిపోతుంది. ఊరంతా మళ్లీ తిరగడానికి టీచర్లు ఉండరు." ఆయన పెన్సిలు మళ్లీ అందుకున్నాడు. "పైగా మీరు ఆ పాలెం మనిషి. మీ ఒక్కరి మాట మీద మార్చానంటే రేపు కుండల వీధివాళ్లు నన్ను నిలదీస్తారు. సంఘం వాళ్ల మనిషిని వెంటబెట్టుకుని నేనే వస్తాను. ఆ ఆడవాళ్లు ఒక్కమాట అంటే చాలు. వాళ్లు అనకపోతే మీరైనా అక్కడ, వాళ్ల ముందు అనాలి. ఎవరూ కాదనకపోతే రాసుకుంటాను."

తిరుగు రైల్లో తెనాలి దాకా సుబ్బరత్నం కిటికీ దగ్గర కూర్చుంది. నీళ్ల సంగతి ఆలోచించాలనుకుంది. ఆలోచన మాత్రం తను అన్న మాట చుట్టూనే తిరిగింది. అన్న పడవ మళ్లీ వేటకు వెళ్లి అప్పటికి నాలుగు రోజులు. తను పంతులమ్మ. పిల్లలకు గాలి ఎందుకు వీస్తుందో పాఠం చెబుతుంది. మాటకూ గాలికీ సంబంధం లేదని ఎవరడిగినా చెప్పగలదు. అయినా బాపట్లలో ఆ మాట అన్నప్పటి నుంచి చెట్ల కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూస్తూనే ఉంది. తెనాలిలో దిగి తన గదికి పోలేదు. రేపల్లె బండి ఎక్కేసింది.

పడవ రావాల్సిన రోజుకు రాలేదు. మర్నాడూ రాలేదు. వెంకటసుబ్బులు వసారాలో పొయ్యి ఆరకుండా చూసుకుంటోంది. మాణిక్యం బిందె తీసుకుని ఊళ్లోకి వెళ్లకుండా రేవులోనే కూర్చుంది.

"ఏంటి వదినా, నీళ్లకెళ్లవా?"

"ఎల్తాలే. ఆ గాలి అట్టా పడిపోయిందేంటి? తెరచాపకి ఊపిరి లేకపోతే ఆళ్లు ఎట్టా వొస్తారు?"

"వస్తారు. ఆలస్యం అవుతుంది, అంతే."

"నీకేం తెలుసే, నువ్వు ఒడ్డు పిల్లవి" అంది మాణిక్యం. విసురుగా కాదు, అలవాటుగా. సుబ్బరత్నానికి మాత్రం అది తగిలింది.

లక్ష్మీనరసింహం గారు వచ్చింది ఆ రోజే. సంఘం తరఫున పున్నారావు అనే గుమాస్తా గొడుగు వేసుకుని వచ్చాడు. వెంకటసుబ్బులు వాళ్లకు నులకమంచం వాల్చింది. మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగలోకి నీళ్లు ఊళ్లో ఎవరి పెరటి నుంచి వచ్చాయో సుబ్బరత్నానికి తెలుసు.

"పడవ ఉంది, పెంకుటిల్లు ఉంది, మజ్జిగ కూడా ఉంది. లేమి ఎక్కడుందండీ లెక్చరర్ గారూ?" అన్నాడు పున్నారావు మీసం తుడుచుకుంటూ.

"అయ్యకి మజ్జిగ నచ్చింది, ఇంకో గ్లాసు పొయ్యండే" అంది వెంకటసుబ్బులు. "తాగినాక పాడి గేదెను కూడా రాసుకుంటాడు, యాడుందో ఎతుక్కుని."

పున్నారావు నవ్వేశాడు. లక్ష్మీనరసింహం గారు నవ్వలేదు. లేచి గుడిసెలు చూశాడు. మస్తాన్‌రావు గుడిసెలోకి వంగి తొంగి చూసి, ముగ్గు వేసిన పొయ్యి వైపు వేలు చూపించాడు.

"ఇది పొయ్యి కాదా అమ్మా?"

మాణిక్యం ఏటి వైపు చూసింది. వెనక నుంచి వెంకటసుబ్బులే అంది. "కాదయ్యా. అది గంగమ్మ గద్దె."

"మరి ఎప్పుడూ దీని మీద వండుకోరా?"

"మేమంతా ఒకటేనయ్యా. ఒకటే పొయ్యి."

ఆయన ఒక్కొక్కరినీ అడిగాడు. ప్రశ్న మార్చి అడిగాడు. నీళ్ల లైను ఎందుకు వస్తుందో, ఎందుకు రాదో విడమరిచి చెప్పాడు. ఆడవాళ్లు శ్రద్ధగా విన్నారు. వాళ్లకు అర్థమైందని వాళ్ల ముఖాలే చెబుతున్నాయి. ఒకామె కళ్లు రేవులో ఉన్న ఖాళీ బిందెల మీదకి వెళ్లి, అక్కడి నుంచి ఏటి వైపు వెళ్లాయి. ఆ తర్వాత అందరూ అదే మాట అన్నారు. ఒకటే పొయ్యి.

చివరికి ఆయన సుబ్బరత్నం వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. ఉన్నది ఉన్నట్టు ఒక్కమాట. పున్నారావు గారు కూడా వింటారు."

పాలెం అంతా ఆమె వైపు చూసింది. ఎవరూ కళ్లతో వారించలేదు, బతిమాలనూ లేదు. అనొద్దని అడగడమే అనడంతో సమానం కాబట్టి అలా నిలబడ్డారు. మాణిక్యం భుజం ఈసారి సుబ్బరత్నం కళ్లముందే ఉంది, చూడకుండా ఉండటానికి వీల్లేకుండా. ఒక్కమాట చాలు, ఆ భుజానికి బరువు తప్పుతుంది. అదే మాట అంటే, సాయంత్రానికి పడవ రాకపోతే, రేపటికీ రాకపోతే, ఆ భుజం గల మనిషి తన ముఖం చూడదు. పాలెంలో ఎవరూ చూడరు. అన్నిటికన్నా ముందు తన ముఖం తనే చూసుకోలేదు. ఆమె ఎంత వెతికినా ఎటూ అడుగు వేసే చోటు కనిపించలేదు.

"ఒకటే పొయ్యి సార్" అంది సుబ్బరత్నం.

లక్ష్మీనరసింహం గారు కాగితాలు మడిచాడు. బాపట్లలో ఆమె చెప్పిన సంగతి ఎత్తలేదు. అది ఆయన మంచితనం. "విన్నదీ ఇదే, రగిలే పొయ్యీ ఒకటే. నేను రాయగలిగింది అంతే మరి" అని కాలువగట్టు మీదుగా వెళ్లిపోయాడు. వెనక పున్నారావు గొడుగు విప్పుకున్నాడు.

పొద్దు వాలే వేళకు దక్షిణం నుంచి గాలి లేచింది. ఇంకా వెలుతురు ఉండగానే నాగులు పడవ కాలువ మలుపు తిరిగింది. గాలి పడిపోయి మొగ దగ్గరే లంగరు వేసుకున్నారట, అంతకు మించి ఏమీ లేదు. ఆడవాళ్లు మోకాలి లోతు దాకా నీళ్లలోకి దిగారు. వెంకటసుబ్బులు అందరికన్నా ముందు సుబ్బరత్నం దగ్గరికి వచ్చి, తడి చేతులతో ఆమె రెండు బుగ్గలూ పట్టుకుంది.

"చూశావటే తల్లీ. ఆయన అంత గుచ్చి గుచ్చి అడిగినా నువ్వు నోరు జారలేదు. పాలెం పిల్లవనిపించావు. ఆ మాట గనక పడుంటే ఇయ్యాల ఈ పడవేది?"

చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. మాణిక్యం ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. పుట్టి ఇన్నేళ్లకు పాలెం తనను అలా దగ్గరికి తీసుకోవడం సుబ్బరత్నానికి అదే మొదటిసారి.

ఆ మాట పడింది. అది పాలెంలో ఆమె ఒక్కదానికే తెలుసు. పడవ నీళ్ల మీద ఉండగానే, బాపట్లలో, స్పష్టంగా, తన నోటితోనే పడింది. అయినా పడవ వచ్చింది. మాటతో పడవలు మునగవని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఉండదు. ఆ సాక్ష్యాన్ని ఆమె ఎవరికి చూపించగలదు? ఇప్పుడు చెబితే బుగ్గల మీది ఆ చేతులు వెనక్కి పోతాయి. ఇక ముందు ఏ పడవకు ఏ గాలి తగిలినా, ఏ ఇంట్లో మనిషి తిరిగి రాకపోయినా, ఆ పాపం పంతులమ్మ నోటి దగ్గరికే వస్తుంది. చెప్పకపోతే, మాట కాచుకున్నందుకే పడవ వచ్చిందన్న నమ్మకానికి ఇవాళ ఇంకో ముడి పడింది. ఆ ముడి వేసింది తనే. మళ్లీ ఎన్ని వేసవుల్లో ఎవరొచ్చి అడిగినా ఈ పాలెంలో ఒకటే పొయ్యి ఉంటుంది.

వసారాలో మగవాళ్లందరికీ ఆ ఒక్క పొయ్యి మీదే వండి పెట్టారు. అది అయ్యాకే ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లి చెంబు తీయాలి. మస్తాన్‌రావు అన్నం తిని, గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, ముఖం చిట్లించాడు.

"ఇయ్యి గుంటలో నీల్లా?"

"ఊళ్లోకి ఎల్లలేదు. నీ కోసం రేవులో కూర్చున్నా" అంది మాణిక్యం.

"లైను ఏత్తారన్నారుగా. ఆ బాపట్ల అయ్య వొచ్చి ఎల్లాడంట. ఏమన్నాడు రత్నం?"

సుబ్బరత్నం విస్తళ్లు ఎత్తుతోంది. చేతిలో పని ఆపలేదు.

"మన పేట బాగానే ఉందన్నాడు అన్నయ్యా."

మస్తాన్‌రావు తల ఊపి మిగతా నీళ్లు కూడా తాగేశాడు. మాణిక్యం లేచి, మర్నాటికి బిందెలు తోమడానికి చింతపండు, ఇసుకా పట్టుకుని గట్టు దిగింది.